హంతకుడి ఎడమకాలి బూటు

తల పగలగొట్టడానికి గుమ్మడికాయను మించిన వస్తువు ఈ సృష్టిలో లేదన్నది చప్పుళ్లాయన సిద్ధాంతం. సొరకాయ మెత్తనిది, దెబ్బ తగిలినట్టు ఉంటుంది కానీ ప్రాణం పోయినట్టు ఉండదు. క్యాబేజీ పక్కటెముకల వరకు పనికొస్తుంది, కపాలానికి దాని గౌరవం చాలదు. అదే బాగా ముదిరిన గుమ్మడికాయను తడి తువ్వాలులో చుట్టి, కణత ఇక్కడ ఉంటుందని భావించుకున్న చోట, మేకులు దిగ్గొట్టే సుత్తితో చెయ్యి వణక్కుండా ఒక్కటంటే ఒక్కటి వేస్తే, ముందు పటుక్కుమంటుంది, వెనక చితుక్కుమంటుంది. ఆ రెండింటి నడుమ వెంట్రుకవాసి మౌనం ఉంటుంది. మనిషి పోయేది ఆ మౌనంలోనే. ఈ రహస్యం పట్టుబడడానికి ఆయనకు పదకొండేళ్లు పట్టింది. తపస్సులకు వరాలిచ్చే దేవతలెవరైనా ఆ దారిన వచ్చి ఉంటే, గది నిండా చిమ్మిన గుజ్జూ గింజలూ చూసి, వరం మాట మరిచి వెనుదిరిగి ఉండేవారు.

'మెట్ల మీద ఎవరు' అనే అపరాధ పరిశోధక చిత్రరాజంలో చప్పుళ్ల కోసం ఆయన ఇరవై మూడు గుమ్మడికాయలను వధించాడు. తెర మీద పోయింది ఏడుగురే. తక్కిన పదహారూ సాధనలో నేలకొరిగిన వీరులు.

ఆ చిత్రానికి కథ, మాటలు రాసి, దర్శకత్వం వహించిన మహానుభావుడు ఆయన అక్కమొగుడు. తక్కువ ఖర్చులో సినిమా తీయడమనే యజ్ఞంలో బావ ముందుగా ఆహుతి ఇచ్చింది సొంత ఇల్లాలిని. మొదటి శవం వేషానికి మనిషి దొరక్క అక్కనే పడుకోబెట్టాడు. మూడు రోజులు చల్లటి గచ్చు మీద ఊపిరి బిగబట్టి పడుకున్న ఆవిడకు పట్టిన జలుబు, సినిమా విడుదలైనా ఆవిణ్ణి విడుదల చేయలేదు. ఇక హంతకుడి వేషానికైతే మనిషే లేడు. అందుకే హంతకుడి ముఖం ఎక్కడా కనిపించదు. చీకట్లో మెట్లెక్కే రెండు బూటుకాళ్లు కనిపిస్తాయి, ఆ పూట ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లవి. ఏడు అడుగులు వినిపిస్తాయి. ఏడో అడుగుకు దీపం ఆరుతుంది, సుత్తి పడుతుంది. దీనినే పెద్దలు శిల్పం అంటారు.

ఆ అడుగులన్నీ చప్పుళ్లాయనవే. ఇంటి వెనక గదిలో కిటికీకి పరుపు అడ్డం కట్టి, గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించి, నేల మీద ఒక పళ్లెంలో ఇసుక, ఒక పళ్లెంలో కంకర, పక్కన ఒక పాత చెక్క తలుపు పరుచుకుని, చిన్న తెర మీద బొమ్మ చూస్తూ ఆయన నడుస్తాడు. ఆడవాళ్లకు చెప్పుల్లేకుండా, ముసలివాళ్లకు కాలీడుస్తూ, హంతకుడికి తన బూట్లతో. ఇన్‌స్పెక్టరు నడకకు మాత్రం అసలైన పోలీసు బూట్లు ఒక పూటకు అరువు తెచ్చారు. ఆ పూట కరెంటు పోయింది. మర్నాడు బూట్లాయన బూట్లు పట్టుకుపోయాడు. చేసేది లేక చప్పుళ్లాయన ఇన్‌స్పెక్టరును కూడా తన బూట్లతోనే నడిపించాడు. బూటు బూటే కదా అనుకున్నాడు. తొమ్మిదేళ్లుగా తొడుగుతున్న బూట్లు అవి; వాటికొక మాట ఉందన్న సంగతి ఆయన చెవికి ఎప్పుడో చెరిగిపోయింది. దీపం కింది చీకటి దీపానికి కనిపించదు.

శుక్రవారం మొదటి ఆటకు ఆయన వెనక వరుసలో కూర్చున్నాడు. కళ్లు మూసుకున్నాడు. తెర మీద ఆయన పేరు పడలేదు. షూటింగుకు ఇల్లిచ్చిన వాళ్ల కుటుంబ సభ్యుల పేర్లు వేసేసరికి జాగా అయిపోయిందని బావ ముందే చెప్పాడు. పేరు పోతే పోయింది. చీకట్లో మూడు వందల మంది ఒక్కసారి ఉలిక్కిపడితే కుర్చీలన్నీ కలిసి చేసే చప్పుడు కోసం వచ్చాడాయన. ఆ చప్పుడే ఆయన పేరు.

ఏడో అడుగు పడింది. దీపం ఆరింది. పటుక్కు, మౌనం, చితుక్కు. అక్క గచ్చు మీద కూలింది. హాలంతా కుర్చీలు కిచకిచలాడాయి. చప్పుళ్లాయన ఛాతీ పొంగింది.

"ఛీ, ఇదేం దెబ్బయ్యా! గుమ్మడికాయ పగిలినట్టుంది," అన్నది ముందు వరుసలోంచి ఒక గొంతు.

అన్నవాడు మాంసం కొట్టు యజమాని. తలుపంత మనిషి; తెల్లవారి లేస్తే ఎముకలతోనే పని. చప్పుళ్లాయనకు ఆ సుత్తి తన నడినెత్తిన పడినట్టయింది.

ఆట వదిలాక హాలు ముందు ఒక అమ్మాయి మైకు పట్టుకుని ప్రజాభిప్రాయాన్ని సేకరిస్తోంది. ప్రజ కూడా ధారాళంగా సమర్పించుకుంటోంది.

"ఒకసారి చూడొచ్చమ్మా. రెండోసారి చూడమంటే మాత్రం ఎనిమిదో హత్య నేను చేస్తా."

"చీకటెక్కువగా ఉంటే భయం కోసం అనుకున్నానండీ. లైట్లే లేవట!"

"మొదటి శవం అదరగొట్టింది. మిగతావాళ్లు కూడా అలా కదలకుండా ఉంటే బాగుండేది."

అప్పుడు లెక్కల మాస్టారు ముందుకొచ్చాడు. ఉద్యోగం నుంచి విరమించి పదేళ్లయినా ఊళ్లో సగం మంది వీపులకు ఆయన బెత్తం ఇంకా గుర్తే. జేబులోంచి పుస్తకం తీసి, గొంతు సవరించుకుని, మైకును నల్లబల్లగా భావించి మొదలుపెట్టాడు.

"హంతకుడు మందుల కొట్టు గుమస్తా అని చివర్లో చెప్పారు. తప్పు. హంతకుడు మెట్లెక్కిన ఏడుసార్లూ ఎడమ బూటు కిర్రుమంది. ఏడింటికి ఏడు. ఆ గుమస్తా కాళ్లకేమో గుడ్డబూట్లు, వాడు పరుగెత్తినా చప్పుడు లేదు. మరి ఎడమ బూటు కిర్రుమన్నది ఇంకెవరికి? ఇన్‌స్పెక్టరుకి! నాలుగు సీన్లు రాసుకున్నాను. పైకి ఒక కథ చెప్పి లోపల ఇంకో కథ దాచాడమ్మా డైరెక్టరు. ఘటికుడు!"

చప్పుళ్లాయన అరుగు అంచున నిలబడి ఉన్నాడు. మెల్లగా తన ఎడమకాలి వంక చూశాడు. బరువు కొద్దిగా దాని మీద మోపాడు.

కిర్రు.

తొమ్మిదేళ్లలో మొదటిసారి ఆయనకది వినిపించింది.

"ఏం మాట్లాడుతున్నారు మాస్టారూ?" మాంసం కొట్టాయన గుంపును చీల్చుకుని వచ్చాడు. "నేనే చంపానని గుమస్తా నోటితో చెప్పాడు కదా! చెల్లెలి శవం మీద పడి ఆ పోలీసాయన ఎంత ఏడ్చాడు! నేనూ ఏడ్చాను. మనిషన్నవాడు ఎవడైనా ఏడుస్తాడు. ఆయన్ని హంతకుడంటారా?"

"ఏడుపు లెక్కలోకి రాదు నాయనా. కిర్రు వస్తుంది. నువ్వు బళ్లో కూడా ఇంతే, జవాబు చూసి లెక్క చేసేవాడివి."

ముప్ఫై ఏళ్ల కిందటి అవమానం, ఇప్పటి దుఃఖం రెండూ కలిసి మాంసం కొట్టాయన అరచేతిలోకి దిగాయి. మాస్టారి కళ్లజోడు రోడ్డు అవతల పడింది. మాస్టారి పాత శిష్యులు, ఒకప్పుడు ఆయన చేతి దెబ్బలు తిన్నవాళ్లే, ఆయన మీద చెయ్యి చేసుకునే హక్కు ఎవడికీ లేదన్న న్యాయం మీద మాంసం కొట్టాయన మీద పడ్డారు. ఆ విధంగా ఊళ్లో బూటు పక్షం, గుమస్తా పక్షం అనే రెండు మహాశాఖలు అవతరించాయి.

శనివారం మ్యాట్నీకి రెండు పక్షాలూ సైన్యాలతో వచ్చాయి. ఇన్‌స్పెక్టరు తెర మీద మొదటి అడుగు వేశాడో లేదో, "అదిగో కిర్రు!" అని ఎడమ వైపు కేక; "నోర్ముయ్!" అని కుడివైపు కేక. తరువాత సినిమా చూసినవాడు లేడు. కుర్చీల ఇనుప చేతులు ఊడి మనుషుల చేతుల్లోకి వచ్చాయి. వాటిలో ఒకటి ఒక పెద్దమనిషి దవడ మీద పడితే, దవడ ఒక పక్కకు, ఆయన అభిప్రాయం మరో పక్కకు వెళ్లిపోయాయి. టికెట్లు చించే ఆయన ఆపబోయి, తన బ్యాటరీ లైటుతోనే తన్నులు తిని, మూడు పళ్లు ఉమ్మాడు; ఆ పళ్లను వెతకడానికి ఆ లైటే ఉపయోగపడింది. వాకిట్లో ఒకడి తల గోడకేసి కొట్టారు. సున్నం మీద నెత్తురు చారికైంది. హాలు వాళ్లు దాని చుట్టూ సుద్దముక్కతో గీత గీసి ఉంచేశారు, ప్రచారానికి బాగుంటుందట.

ఆ రభసలో చప్పుళ్లాయన స్తంభం వెనక నిలబడి వింటున్నాడు. తన పక్కనే ఒకడి ముక్కు విరిగింది. ఆయన విన్నాడు. పటుక్కు లేదు, చితుక్కు లేదు. ఎవరో పక్క గదిలో వేరుశనగ కాయ ఒలిచినట్టు చిన్న చప్పుడు. 'గోల ఎక్కువగా ఉంది, సరిగ్గా వినపడలేదు,' అని తనకు తాను నచ్చచెప్పుకున్నాడు.

ఆదివారం మాస్టారు రెండు వేళ్లు నలగ్గొట్టుకున్నాడు. నాలుగోసారి చూసి, కొత్త లెక్కలతో బయటికొస్తూ, గేటు దగ్గర మాంసం కొట్టాయనకు పుస్తకం చూపించబోయాడు. ఆయన పుస్తకం లాక్కోబోయాడు. మాస్టారు వదల్లేదు. కోపంలో మాంసం కొట్టాయన ఇనుప గేటును కాలితో తన్నాడు. గేటు మూసుకున్న చోట మాస్టారి కుడిచెయ్యి ఉంది. చూపుడువేలు, నడిమివేలు ఎముకతో సహా నలిగి, చర్మం పట్టుకుని వేలాడాయి. ఆ వయసులో మనిషి అలా అరుస్తాడని ఎవరూ అనుకోలేదు. పుస్తకం నెత్తుట్లో పడి, కిర్రుల పట్టిక తడిసిపోయింది.

ఆ సాయంత్రం బావ ఇంట్లో మాత్రం పండగ వాతావరణం.

"నిండిపోయిందిరా బామ్మర్దీ! నాలుగు ఆటలూ నిండిపోయాయి! ఇరవై ఏళ్ల కష్టం. ఊళ్లో నన్ను మేధావి అంటున్నారు. మీ అక్క కూడా ఎప్పుడూ అనలేదు."

"ఇప్పుడూ అనడం లేదు," అన్నది అక్క, ముక్కు చీదుతూ.

"రేపు మ్యాట్నీ తర్వాత స్టేజీ ఎక్కమన్నారు. హంతకుడెవరో నా నోటితో చెప్పాలట. రెండు పక్షాలూ వస్తాయి."

"ఏం చెప్తావు బావా?"

"ఏమీ చెప్పను. నవ్వుతాను. మీ మనసును అడగండి అంటాను. నెల రోజులు ఆడుతుంది."

"నెల రోజులు తన్నుకుంటారు," అన్నాడు చప్పుళ్లాయన. "బావా, మాస్టారివి సుద్దముక్క పట్టుకునే వేళ్లు. డాక్టరు ఒకటి తీసేస్తానన్నాడట. ఆ కిర్రు నీ మేధస్సు కాదు. నా బూటు."

బావ నవ్వు మాయమైంది. కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "గేటు తన్నింది నువ్వా?"

"కాదు."

"మరి? వాళ్లలో వాళ్లకు ఎప్పటి కక్షలో ఉంటాయి. దొరికిన సాకు మన సినిమా. నువ్వు రేపు నోరు తెరిచావంటే నేను మేధావిని కాదు, బూట్లకు దిక్కులేని వెధవని. సినిమా ఎల్లుండికి పెట్టెలోకెళ్తుంది. మీ అక్క జలుబు మీద ఒట్టు, నువ్వు మాట్లాడకు."

"నా జలుబు మీద నువ్వెందుకు ఒట్టేస్తావు?" అన్నది అక్క. తరువాత తమ్ముడి ముఖం చూసి గొంతు తగ్గించింది. "చెప్పాలనే ఉందా నీకు?"

"చెప్పకపోతే రేపు ఎవరో ఒకళ్లు చస్తారక్కా. నా కాలి కింద."

"అయితే చెప్పి చావు. కానీ ఆ బూట్లు మాత్రం వేసుకెళ్లకు."

"బూట్లు లేకపోతే రుజువేది?"

మర్నాడు ఆయన బూట్లతోపాటు ఒక సంచి కూడా పట్టుకుని బయల్దేరాడు. అందులో ఏముందని అక్క అడిగితే, "సాక్ష్యం," అన్నాడు. అబద్ధం కాదు. కానీ పూర్తి నిజమూ కాదు. బూటుకు సాక్ష్యం బూటే చాలు. సంచిలో ఉన్నది ఆయన అహంకారం. నాలుగు కిలోలుంటుంది.

హాలు నిండి నేల మీద కూడా కూర్చున్నారు. ఎడమ వైపు బూటు పక్షం, వాళ్ల ముందు పిండికట్టుతో లావెక్కిన చేతిని ఒళ్లో బిడ్డలా పెట్టుకుని మాస్టారు. కుడివైపు గుమస్తా పక్షం, వాళ్ల ముందు కన్ను వాచిన మాంసం కొట్టాయన. నడుమ దారిలో మైకు అమ్మాయి. తెర ముందున్న చెక్క వేదిక మీద బావ చేతులు జోడించి, నవ్వి, కళ అనేది అద్దమని, అద్దంలో ఎవరి ముఖం వారికే కనిపిస్తుందని సెలవిచ్చాడు.

"అద్దం సంగతి తర్వాత, హంతకుడెవడు?" అని రెండు పక్షాలూ ఒకే గొంతుతో అరిచాయి. మూడు రోజుల్లో వాళ్లు ఏకాభిప్రాయానికి రావడం అదే మొదలు.

అప్పుడు చప్పుళ్లాయన వేదిక ఎక్కాడు. బావ మోచేత్తో పొడిచాడు, ఆయన కదల్లేదు.

"అయ్యా, అమ్మా. నేను ఈ సినిమాకి చప్పుళ్లు చేశాను. ఆ అడుగులు హంతకుడివి కావు, ఇన్‌స్పెక్టరువీ కావు. రెండూ నావే. పోలీసు బూట్లు దొరక్క నా బూట్లతోనే నడిచాను. ఎడమది కిర్రుమంటుందని నాకే తెలీదు. దాచిన కథంటూ ఏమీ లేదు. గుమస్తానే చంపాడు. దయచేసి కొట్టుకోకండి."

తరువాత మాస్టారు లేచాడు.

"ఎవరు నేర్పారు నీకీ పాఠం? పదకొండు కిర్రులు పొరపాటా? పదకొండు పొరపాట్లు ఒకే కాలికి జరుగుతాయా?"

"జరిగాయి మాస్టారూ."

"అబద్ధం!" అని బూటు పక్షం.

"చప్పుళ్లు చేశాడట!" మాంసం కొట్టాయన నవ్వాడు. "ఆ పగిలిన గుమ్మడికాయలు కూడా నీవేనా?"

హాలంతా నవ్వింది. నిజం అక్కడే ఆగిపోయి ఉంటే బాగుండేది. కానీ నవ్వులో ఒక కళాకారుడికి వినిపించేది వేరు. చప్పుళ్లాయన ముఖం ఎర్రబడింది. మైకు అమ్మాయిని పిలిచి మైకు నేల దగ్గర పెట్టమన్నాడు. సంచిలోంచి తువ్వాలు చుట్టిన గుమ్మడికాయ తీసి వేదిక చివర పెట్టాడు. సుత్తి కుడిచేతిలోకి తీసుకున్నాడు. "చూసి చెప్పండి," అని వేదిక ఆ చివరికి వెళ్లి, ఇటు తిరిగి, నడవడం మొదలుపెట్టాడు.

ఒకటి. రెండు. కిర్రు.

ఆయన నడిచేటప్పుడు తాను కాడు. ఇదే ఆయన విద్య, ఇదే ఆయన పాపం. భుజాలు వంగాయి, మెడ ముందుకు వచ్చింది, కళ్లలో దీపం తగ్గింది. హాల్లో నవ్వు ఎండిపోయింది. నాలుగు. అయిదు. ఆ కిర్రు వింటూ అక్కడివాళ్లు ఏడు హత్యలు చూశారు, కొందరు నాలుగేసి సార్లు. వాళ్ల వెన్నులకు ఆ చప్పుడు తెలుసు. ఆరు. ఎవరో ఊపిరి బిగబట్టారు. ఇక్కడ ఆగి, బూటు విప్పి చూపించి, నమస్కారం పెడితే సరిపోయేది. కానీ ఆరడుగులు వేసి ఏడో అడుగు వేయకుండా ఆగడం ఆ కాళ్లకు తెలియదు.

ఏడు. సుత్తి లేచింది, పడింది.

పటుక్కు. మౌనం. చితుక్కు.

మైకు గుండా ఆ దెబ్బ హాలు నాలుగు గోడలకూ కొట్టుకుని వచ్చింది. గుజ్జు మొదటి వరుస ముఖాల మీద పడింది. ఒక ఆడమనిషి తన చెంప తడుముకుని, చేతిని చూసుకుని, పెద్దగా కేక పెట్టింది.

"వాడే! వాడే!"

తరువాత జరిగినదాన్ని అభిప్రాయభేదం అనడానికి వీల్లేదు. మూడు రోజులుగా ఒకరి ఎముకలొకరు విరుచుకున్న రెండు పక్షాలూ అన్నదమ్ముల్లా భుజం భుజం కలిపి వేదిక ఎక్కాయి. హంతకుడు గుమస్తానా ఇన్‌స్పెక్టరా అన్న ప్రశ్న అక్కడికక్కడ తీరిపోయింది. హంతకుడు ఎదురుగా సుత్తితో నిలబడి ఉన్నాడు. మొదటి తన్ను మోకాలి వెనక పడింది. రెండోది పొట్టలో. ఎవరో జుట్టు పట్టుకుని ముఖాన్ని చెక్కకేసి రుద్దారు. కింది పెదవి పళ్లకు గుచ్చుకుని నోరంతా ఉప్పగా అయింది. మాస్టారు, జీవితమంతా కుడిచేత్తోనే న్యాయం చెప్పినవాడు, ఆ పిండికట్టుతోనే ఆయన చెవి మీద మోది, నొప్పికి తానే కేకలు పెట్టి, మళ్లీ మోదాడు. బావ తెర వెనక్కి తప్పుకుని, కళ ఎంత శక్తిమంతమైనదో చాటునుంచి గమనిస్తున్నాడు. ఒకడు ఎడమ బూటు లాగాడు. బూటుతోపాటు మడమ చర్మం ఊడింది.

మాంసం కొట్టాయన సుత్తి ఉన్న చేతిని పట్టుకున్నాడు. దాన్ని వేదిక అంచు మీద అడ్డంగా పెట్టి, మోకాలితో ఒక్క తొక్కు తొక్కాడు.

ఆ గోలలో చప్పుళ్లాయనకు లోకమంతా మూగబోయి, ఆ చప్పుడొక్కటే స్పష్టంగా వినిపించింది. పటుక్కు లేదు. చితుక్కు లేదు. ఆ రెండింటి నడుమ మౌనం అసలే లేదు. జేబులో పెన్సిలు విరిగినట్టు, పొడిగా, చిన్నగా, ఎవరికీ చెప్పుకోదగనిదిగా ఉంది. 'ఇంతేనా!' అనుకున్నాడు. నొప్పి తరువాత వచ్చింది.

"ఒరేయ్! వదలండిరా వాణ్ణి!"

నడుమ దారిలోంచి జుట్టు విరబోసుకుని, జలుబుతో బొంగురుపోయిన గొంతుతో, చేతిలో కుర్చీ తాలూకు ఇనుప చెయ్యితో ఒక ఆడమనిషి పరుగెత్తుకొస్తోంది. వేదిక మీదివాళ్లు తలలు తిప్పారు. అందరికీ తెలిసిన ముఖం. అందరూ చూస్తుండగా తెర మీద మొదటి హత్యలో తల పగిలి చచ్చిన ముఖం.

"శవం!" అన్నాడొకడు.

ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఆగాయి. అక్క ఆ అవకాశం వృథా చేయలేదు. దొరికినవాళ్లను దొరికినట్టు బాదింది. పక్షపాతం చూపలేదు, బూటు పక్షంలో ఇద్దరి మోచేతులు, గుమస్తా పక్షంలో ఒక భుజం ఆవిడ ఖాతాలో పడ్డాయి. బతికున్న మనుషులతో మూడు రోజులు పోరాడినవాళ్లు చచ్చినదాని ముందు నిలవలేక గుమ్మాల వైపు తొక్కుకుంటూ పారిపోయారు.

ఆసుపత్రిలో మూడో రోజు మైకు అమ్మాయి చూడడానికి వచ్చింది. పశ్చాత్తాపం సగం, వృత్తిధర్మం సగం. ఆ గొడవంతా మైకులో రికార్డయిందట. బావ అప్పటికే మంచం పక్కన కూర్చుని కమలాపండు ఒలుచుకుని తానే తింటున్నాడు.

"నీ ఎడమ బూటును హాలు ముందు గాజుపెట్టెలో పెట్టార్రా. 'హంతకుడి బూటు' అని రాశారు. ఎవడు హంతకుడన్నది రాయలేదు, తెలివైనవాళ్లు. జనం వరుసలో నిలబడి చూస్తున్నారు."

"నా పేరు రాశారా?"

"బూటుకు పేరెందుకురా?"

అమ్మాయి తను ఎక్కించినది వినిపించింది. కేకలు, తొక్కిసలాట, దాని మధ్య సన్నగా ఒక 'టిక్'. చప్పుళ్లాయన కళ్లు మూసుకున్నాడు. "అదే," అన్నాడు. "మళ్లీ ఒకసారి పెట్టమ్మా."

బావ కూడా చెవి వొగ్గాడు. పెదవి విరిచాడు. "ఇదా ఎముక? ఏదో పుల్ల విరిగినట్టుంది. దీన్ని తెర మీద పెడితే జనం నవ్వుతారు. రెండో సినిమాలో పన్నెండు హత్యలు. నువ్వు కోలుకోగానే గుమ్మడికాయలు తెప్పిస్తా."

గుమ్మం దగ్గర ఎవరో దగ్గారు. మాంసం కొట్టాయన. లోపలికి రావడానికి మొహం చెల్లక ఎంతసేపటినుంచి నిలబడ్డాడో తెలియదు. కాళ్ల దగ్గర కూర్చున్న అక్క లేచి మంచం పక్కనున్న ఇనుప స్టూలు మీద చెయ్యి వేసింది. ఆయన రెండు చేతులూ ఎత్తి చూపించాడు, ఖాళీగా ఉన్నాయి.

"ఇంకోసారి వినిపించమ్మా ఆ ముక్క," అన్నాడు.

వినిపించింది. ఆయన తల ఆడించాడు, దుకాణంలో తూకం సరిపోయినప్పుడు ఆడించినట్టు. "ఇదీ. ఇదీ అసలు చప్పుడు. ముప్ఫై ఏళ్లుగా రోజూ వింటున్నా. ఇంకెవడి మాటా వినకు."

చప్పుళ్లాయన చితికిన పెదవితో నవ్వబోయాడు. మూడు వందల కుర్చీలు ఒక్కసారి కిచకిచలాడితే రాని తృప్తి, తన చెయ్యి విరిచినవాడి ఒక్క తలాడింపులో వచ్చింది.

"బూటు సంగతి?" మాంసం కొట్టాయన గొంతు తగ్గించాడు. "అది కూడా నిజమేనా? నువ్వు చెప్పింది?"

"నిజమే."

"అంటే ఆ పోలీసాయన మంచివాడేగా?"

"మంచివాడే."

ఆ తలుపంత మనిషి గోడ వైపు తిరిగి, కాసేపు ముంజేత్తో కళ్లు తుడుచుకున్నాడు. "నాకు తెలుసు," అన్నాడు. "మాస్టారి వార్డు ఎటు? వెళ్లి చెప్తా. మళ్లీ కొడతాడు కాబోలు. ఫరవాలేదు, ఈసారి కొట్టనిస్తా."

ఆయన వెళ్లాక బావ కమలాపండు తొనలు ముగించి, చేతులు దులుపుకుని, "ఇంతకీ గుమ్మడికాయలు ఎన్ని తెమ్మంటావు?" అన్నాడు.

చప్పుళ్లాయన అక్క వైపు తిరిగాడు. "అక్కా, గదిలో బల్ల కింద ఇంకోటి మిగిలుంది కదా."

"ఉంది. ముదురుది. దాన్నేం చెయ్యను?"

"వండెయ్యి."